ఎండ మీద ఇచ్చిన అప్పు

ఎండని తనఖా పెట్టుకుని అప్పిచ్చిన బేంకు ఆఫీసరు మా విజయనగరం జిల్లాలో ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలీదు. నేను మాత్రం ఇచ్చాను. ఆ అప్పు వడ్డీతో సహా తీరింది కూడా. అప్పట్లో ఈ మాట వింటే అందరూ నన్ను చూసి నవ్వేవారు. ఇప్పుడు తలుచుకుని నేనే నవ్వుకుంటున్నాను.

నేను విజయనగరంలో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న వయొలిన్ పాఠాలు చెప్పేవారు. మా ఇంట్లో శ్రుతి తప్పితే తిట్లు పడేవి గానీ, లెక్క తప్పితే అడిగే నాథుడు లేడు. అలాంటి ఇంట్లోంచి వెళ్లి బేంకులో చేరాను. ఉద్యోగమంతా దాదాపు ఫీల్డ్ ఆఫీసరుగానే గడిచిపోయింది. అంటే ఫ్యాను కింద కూర్చోకుండా ఊళ్లంట తిరిగి, అప్పు అడిగినవాళ్ల దుకాణాలూ పెరళ్లూ చూసి, ఇవ్వొచ్చో కూడదో చెప్పే పని. ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను. రాయడానికి నాకు సరదా లేదు, చదవడానికి మీకు ఓపిక ఉండదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకి పనికొస్తాయని ఒక చిన్న కథ, ఒక పెద్ద కథ చెప్తాను.

అసలు కథలకి ముందు ఒక మాట. చిన్న వ్యాపారికి తెలివి లేక పెట్టుబడి దొరకదని ఎవరైనా అంటే నమ్మకండి. తెలివికేం, దండిగా ఉంటుంది. చిక్కంతా మన దగ్గరే. బేంకుకి మిషను కనబడాలి, రేకుల షెడ్డు కనబడాలి, కరెంటు మీటరు కనబడాలి. అవి చూపిస్తే మొహం వెలిగిపోతుంది. అదే మనిషి సరుకు కొనుక్కోవడానికి డబ్బు కావాలంటే మొహం మాడిపోతుంది. లోపల వెయ్యడానికి సరుకు లేక దుప్పటి కప్పుకుని నిద్రపోతున్న మిషన్లని ఎన్ని చూశానో!

ఇంకొకటి వేళ. మా నాన్న పిల్లలకి చెప్పేవారు, "పాట వచ్చేస్తే అయిపోలేదే, తాళంలో ఎక్కడ ఎత్తుకోవాలో తెలియాలి" అని. అప్పూ అంతే. వేళ దాటాక ఇచ్చిన అప్పు పెళ్లయిపోయాక వచ్చిన బాజాల వాళ్ల లాంటిది. వాళ్లకి భోజనం పెట్టాలి, పని మాత్రం ఉండదు.

ఊరంతా బావలే

ఆమదాలవలసలో పనిచేసేటప్పుడు స్టేషను దగ్గర అప్పలనాయుడని ఒకతను టిఫిను హోటలు నడిపేవాడు. అతని పెసరట్టు కోసం రైలు దిగినవాళ్లు ఇంటికి పోకుండా అక్కడ ఆగిపోయేవారు. పొద్దున్న పోతే కూర్చోడానికి చోటుండదు. కానీ బేంకుకి కట్టాల్సిన వాయిదా మాత్రం కట్టడు. పైగా శ్రీకాకుళం బస్టాండు దగ్గర ఇంకో హోటలు పెడతాను, మళ్లీ అప్పియ్యండని అడిగాడు.

నేను వెళ్లి ఓ మూల కూర్చుని, పెసరట్టు తిని, కాఫీ తాగి, మళ్లీ ఇంకో కాఫీ చెప్పి చూస్తూ కూర్చున్నాను. తిన్నవాళ్లు తిన్నట్టే చెయ్యి కడుక్కుని, నాయుడి భుజం తట్టి వెళ్లిపోతున్నారు.

"నాయుడూ, ఇంతమంది తిన్నారు. డబ్బులేవయ్యా?" అన్నాను.

"ఏటి సెయ్యమంతారు మేడమ్మా!" అని తల గోక్కున్నాడు. "ఆ పోతన్నోడు మా పెద్దమ్మోరి అల్లుడు, నాకు బావ. పక్కనున్నాయన మావ. ఆ తలపాగా ముసిలాయన మా అయ్యకి నేస్తుడు, నాకు సిన్నాన్న కిందే లెక్క. మావ తిని సెయ్యి కడుక్కుంతంటే పైసలియ్యమని ఎలగ అడుగుతాను? రేపు మా ఇంటి పెళ్లికి ఆళ్లు రావాలా వద్దా?"

ఇది మా వైపు జబ్బు. ముక్కూ మొహం తెలియనివాణ్ణి కూడా బావా అని పిలిచేస్తాం. పిలిచాక డబ్బులడగలేం. నాయుడికి ఒకటే చెప్పాను: "రెండో హోటలు పెడితే అక్కడా నీకు బావలే తగుల్తారు. ముందు ఎవరికీ బావ కానివాణ్ణి తెచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టు."

తెచ్చాడు. గోదావరి వైపు నుంచి సీను అనే కుర్రాణ్ణి. వాడు ఎంత మర్యాదస్తుడంటే, చెయ్యి కడుక్కున్న ప్రతివాడికీ తువ్వాలు అందించి, "ఆయ్, డబ్బులండీ" అనేవాడు. అంత మర్యాదగా అడిగితే ఏ బావకి మాత్రం ఎగ్గొట్టబుద్ధేస్తుంది? వాయిదాలు చకచకా పడ్డాయి. నేను కాలరెగరేసుకుని తిరిగాను. మరుసటి ఏడాది నాయుడి ఫోను. "కొంప ములిగిపోనాది మేడమ్మా! మా సీనుగోడు ఈ ఊరి పిల్లనే పెళ్లాడేసినాడు. ఇప్పుడాడూ అందరికీ బావే!"

నవ్వి నవ్వి నాకు దగ్గొచ్చింది. "మరేం చేస్తావు?" అంటే, "కడప నుంచి ఇంకోణ్ణి తెత్తన్నాను. ఈపాలి పెళ్లయినోణ్ణే తెత్తన్నాను" అన్నాడు. నాయుడు ఇప్పుడు రెండు హోటళ్లు నడుపుతున్నాడు.

వ్యాపారం పెంచుతానని ఎవరు వచ్చినా ముందు ఉన్న కుండ ఎక్కడ కారుతోందో చూడండి. చిల్లు మూస్తే సగం పెట్టుబడి అక్కడే దొరుకుతుంది.

పూత మీద బేరం

ఇంక పెద్ద కథ. నాకు కొత్తవలస బదిలీ అయింది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో మామిడి తాండ్ర చేస్తారు. పండిన మామిడి రసం తీసి, గుడ్డలో వడకట్టి, బెల్లమో పంచదారో కలిపి, చాప మీద పల్చగా పోసి ఎండబెడతారు. ఆ పొర ఆరాక దానిమీద ఇంకో పొర, అదీ ఆరాక ఇంకోటి. వేసవంతా అలా పోసుకుంటూ పోతే ఆఖరికి చాప మీద ఎర్రబంగారం రంగులో మందంగా తాండ్ర తేలుతుంది. అమ్మకం ఏడాది పొడుగునా. పండూ ఎండా మాత్రం ఆ కాస్త కాలమే.

నేను చేరిన కొత్తలోనే, మాఘమాసంలో, పైడమ్మ వచ్చింది. గట్టి మనిషి, గట్టి గొంతు. ముగ్గురు తోడికోడళ్లని వెంటేసుకుని తాండ్ర చేస్తుంది. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా నిలబడే అడిగింది: "మీరైనా ఎండల్లోకి డబ్బులిత్తారా, మీరూ వానల్లోనే ఇత్తారా?"

ఏమిటా అని కాగితాలు తీయిస్తే సంగతి తెలిసింది. అంతకుముందు ఒకసారి ఇదే బ్రాంచి ఆవిడకి అప్పు మంజూరు చేసింది. మంజూరయి చేతికొచ్చేసరికి వానలు పడి, ఊళ్లో నాట్లు వేస్తున్నారు. మామిడి పండు మచ్చుకి కూడా లేదు. చేతిలో డబ్బు, చెయ్యడానికి పనిలేదు. ఆవిడ మొగుడు సింహాచలం ఆ డబ్బుతో వంటింటికి శ్లాబు పోసేశాడు. మనవాళ్లు తాపీగా వెళ్లి చూసి, అప్పు దుర్వినియోగమని రాసేశారు.

"నానేటి సెయ్యను మేడమ్మా? వానని ఎండబెట్టమంతారా?" అంది పైడమ్మ.

వేళ ఎందుకంత ముఖ్యమో కూడా ఆవిడే చెప్పింది. మా వైపు మామిడి తోటలకి పూత మీదే బేరం. కాయ ఇంకా పిందె కూడా కాకముందే, చెట్టు పూసి ఉండగా ఎవరు డబ్బిస్తే పంట వాళ్లది. ఆ వేళ దాటితే పళ్లన్నీ రైలెక్కి ఉత్తరాదికి పోతాయి. పూత వేళకి తాండ్ర చేసేవాళ్ల చేతిలో చిల్లిగవ్వ ఉండదు. అందుకని షావుకారు ముందుకొచ్చి తోటకి డబ్బిస్తాడు. బదులుగా తాండ్రంతా అతను చెప్పిన ధరకి, అతని పేరు మీద, అతనికే పోవాలి. అడ్వాన్సు పుచ్చుకున్నాక ధర చెప్పే నోరుండదు.

ఈసారి విశాఖలో ఒక మిఠాయి కొట్టాయన, సొంత పేరుతో డబ్బా కట్టి తెస్తే నా కొట్లో పెడతానని పైడమ్మకి మాటిచ్చాడు. అటు షావుకారు మనిషి అప్పుడే మోటారు సైకిలు మీద తోటల చుట్టూ తిరుగుతున్నాడు.

"సిన్నప్పట్నుంచీ నా సేత్తో సేసిన తాండ్ర ఇంకోడి పేరుతో అమ్ముడవతంది మేడమ్మా. ఒక్కపాలి డబ్బా మీద నా పేరు సూసుకోవాలని ఉన్నాది" అంది. అని పెద్దగా నవ్వేసింది గానీ, కళ్లు నిండాయి. ఈ పూత దాటితే మళ్లీ ఏడాది షావుకారు చేతిలోకే. ఈ అప్పు వేళకి ఇప్పించి తీరాలని ఆ క్షణమే అనుకున్నాను.

సూర్యుణ్ణి జప్తు చేస్తామా?

మా మేనేజరు సత్యమూర్తి గారు గుంటూరు వైపు మనిషి. మనసు వెన్న, కలం ఇనుము. కాగితం పట్టుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"షెడ్డుందా అమ్మా?"

"పెరడుందండి."

"మిషనరీ?"

"చాపలండి."

"కరెంటు కనెక్షను?"

"అక్కర్లేదండి, ఎండ ఉంది."

కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "చిన్న అప్పులకి తాకట్టు అక్కర్లేదని నాకూ తెలుసమ్మా. కానీ ఏదో ఒక ఆధారం రాయాలా వద్దా? ఎండని తనఖా పెట్టుకుంటామా? రేపు వీళ్లు ఎగ్గొడితే సూర్యుణ్ణి జప్తు చేస్తామా?"

బ్రాంచి బ్రాంచంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వాను గానీ లేవలేదు. "సార్, మిషను పాడవుతుంది, షెడ్డు కూలుతుంది. మన కొత్తవలసలో వేసవిలో ఎండ రాని సంవత్సరం మీరు చూశారా?" అన్నాను.

ఎండబెట్టే మిషనుకైతే వెంటనే ఇచ్చేద్దామన్నారు. మిషను తాండ్ర నేను తిని ఉన్నాను. దాన్ని నమిలేకంటే చెప్పు నమలడం నయం. ఆ మాటే చెప్పి, సంచీలోంచి పైడమ్మ ఇచ్చిన తాండ్ర ముక్క తీసి ముందు పెట్టాను. "నాకు షుగరమ్మా" అంటూ ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. "షుగరు అని చెప్తే వినవేమిటమ్మా" అంటూ ఇంకోటి వేసుకున్నారు. మధ్యాహ్నం నా వెనక బయల్దేరి పైడమ్మ పెరడు చూశారు, తోట చూశారు, తోటంతా విరగబూసి ఉంది.

బ్రాంచికి తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాక అన్నారు: "డబ్బంతా ఒకేసారి ఇవ్వొద్దు. తోటకి ఇవ్వాల్సింది ఇప్పుడే నేరుగా తోట యజమానికి ఇద్దాం. బెల్లానికీ కూలికీ పండు దిగేటప్పుడు ఇద్దాం. నెలనెలా కట్టమంటే ఎక్కణ్ణుంచి తెస్తారు? అమ్మకాలు మొదలయ్యాక దసరా నుంచి కట్టించుకుందాం."

ఆ ఆలోచన ఆయనదే, నాది కాదు. అంతకంటే మంచి అప్పు ఏర్పాటు నా ఉద్యోగంలో నేను చూడలేదు. ఇనుప కలం సరైన చోట గీత గీస్తే అలా ఉంటుంది. పూత రాలకముందే తోట పైడమ్మ చేతికొచ్చింది. షావుకారు మనిషి వచ్చిన మోటారు సైకిలు మీదే వెనక్కి పోయాడు.

సాపలెత్తండి!

వేసవి వచ్చింది, పొరలు పడుతున్నాయి. ఇక్కడ పైడమ్మ మొగుడు సింహాచలానికి బుర్రలో పురుగు కుట్టింది. మనిషి మంచివాడే, ఉత్సాహం ఎక్కువ. విశాఖ వెళ్లి, మిఠాయి కొట్టాయనకి ఒప్పుకున్నదానికి రెట్టింపు సరుకిస్తానని చెప్పొచ్చేశాడు. చెప్పాడు సరే, అంత తాండ్ర ఎక్కణ్ణుంచి వస్తుంది? పెరట్లో సగం చాపలు తన వాటాకి తీసుకుని, పొరలు మందంగా పోయడం మొదలెట్టాడు. రెండు రోజుల పని ఒక రోజులో అయిపోతుందని లెక్క.

"పొర ఆరకండా పొర పోత్తావేటయ్యా, పిచ్చా నీకు?" అని పైడమ్మ అరిచింది.

"నీకు యాపారం తెల్దే. పెద్దగా ఆలోచించాల" అన్నాడు. ఈ మాట పెద్ద పెద్ద కంపెనీల వాళ్ల దగ్గర కూడా విన్నాను. మొహాలు వేరు, జ్వరం ఒకటే.

సత్యమూర్తి గారూ నేనూ పని ఎలా సాగుతోందో చూడ్డానికి వెళ్లిన మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. పెరడంతా చాపలు, చాపల నిండా పసుపు రంగు మెరుపు, ఊరంతా మామిడి వాసన. ఆయన ఫైలు విప్పి చాపలు లెక్కపెడుతున్నారు. ఇంతలో పడమట నల్లగా కమ్ముకొచ్చింది. గాలి లేచింది.

"ఓలమ్మో, సాపలెత్తండి!" అని కేక పడింది. అంతే, ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చింది. ఒక్కో చాపకి ఇద్దరు కావాలి, అటో కొసా ఇటో కొసా. పైడమ్మ ఒక చాప అంచు పట్టుకుని అటు చూసి ఇటు చూసి, ఫైలుతో నిలబడ్డ మా మేనేజరు గారి మీద కేకేసింది: "సూత్తన్నారేటి బాబూ? ఆ కొస అట్టుకోండి, బేగి!"

సత్యమూర్తి గారు ఫైలు చంకలో దోపుకుని చాప పట్టుకున్నారు. తడి రసం తెల్లచొక్కా మీదుగా మోచేతి దాకా కారింది. బడి వరండాలో, ఎదురింటి పంచలో, పక్కింటి మంచాల మీద, ఎక్కడ చోటుంటే అక్కడికి చాపలు చేరాయి. నేను చీర దోపుకుని పరిగెడుతుంటే కాలు జారి కూలబడ్డాను. ఎవరూ లేవదీయలేదు, అందరి చేతుల్లోనూ చాపలే. వాన దబదబా పడే వేళకి ఒక్క చాప కూడా బయట లేదు. ఎదురింటి పంచలో ఇరుక్కుని నిలబడి ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నాం.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటుంది. వానలో చాప మోసినవాళ్లకి ఆ చాప అంచు ముక్క హక్కు. తాండ్ర అయ్యాక పైడమ్మ మర్చిపోకుండా మేనేజరు గారి వాటా బ్రాంచికి పంపింది. ప్రమోషను ఆర్డరు వచ్చినప్పుడు కూడా ఆయన అంత సంబరపడలేదు.

మర్నాడు ఎండ కాసింది. పైడమ్మ పల్చటి పొరలు హాయిగా ఆరిపోయాయి. సింహాచలం మందపాటి పొరలు పైన ఎండి, లోపల పులిసి, పొంగి, కంపు కొట్టాయి. ఊరంతా ఒకటే వేళాకోళం. "ఏటి బావా, తాండ్ర సేసినావా, కల్లు దించినావా?" ఆవుల ముందు పెడితే అవీ మొహం తిప్పుకున్నాయి.

పైడమ్మ మాత్రం నవ్వలేదు. మా ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడింది. సగం సరుకు పోయింది, మిగిలింది మొదట ఒప్పుకున్నదానికి బొటాబొటిగా సరిపోతుంది. రెట్టింపు వస్తుందని కొట్టాయన ఎదురు చూస్తున్నాడు. మాట తప్పితే ఆయన అసలుకే వద్దంటే? మళ్లీ షావుకారే దిక్కు. నేను ఫోను కలిపి ఆవిడ చేతికిచ్చాను. "ఉన్నదున్నట్టు చెప్పెయ్. రేపు చెప్పడం కంటే ఇవాళ చెప్పడం నయం" అన్నాను.

చెప్పేసింది. మొదట ఒప్పుకున్నంతే ఉంది, రెట్టింపు లేదు, మొగుడు పాడుచేసేశాడు, అంతా ఒక్క గుక్కలో. అవతల నవ్వు వినబడింది. "ఉన్నది తీసుకురామ్మా. బాగుంటే మిగతా మాట వచ్చే ఎండకి మాట్లాడుకుందాం" అన్నాడాయన. పైడమ్మ ఫోను పెట్టేసి నన్ను గట్టిగా వాటేసుకుంది.

మొదటి డబ్బా నాకు చూపించడానికి తెచ్చారు. పైన సూర్యుడి బొమ్మ, కింద పెద్ద అక్షరాలతో 'పైడమ్మ తాండ్ర'. ఆవిడ దాన్ని కొంగుతో తుడిచి తుడిచి చూసుకుంది.

"మరి నా పేరేదే?" అన్నాడు సింహాచలం.

"నీ పేరు కల్లు కుండ మీద రాయిత్తాన్లే" అంది.

పొర ఆరనీ

మళ్లీ పూత వచ్చేలోపే అప్పు తీరిపోయింది. ఇప్పుడు మా సత్యమూర్తి గారికి పట్టుకుంది జ్వరం. "నాలుగింతలిద్దామమ్మా, పెద్ద షెడ్డు వేయిద్దాం!" అన్నారు. అప్పియ్యమంటే భయపడడం మన మొదటి తప్పు, తీర్చినవాడి మీదకి ఎగబడి అప్పు రుద్దడం రెండోది. పిల్లలూ, రెండోదాని వల్ల మునిగిన దుకాణాలే ఎక్కువ.

"సార్, పొర ఆరనీండి" అన్నాను. ఆయనకి వెంటనే అర్థమైంది, చాప మోసిన మనిషి కదా. ఆ ఏడు రెండో తోడికోడలి పెరడు కలిసింది. అది నిలదొక్కుకున్నాక ఇంకో పెరడు. అలా పెరిగింది వ్యాపారం. షెడ్డు ఇప్పటికీ లేదు.

నేను రిటైరయ్యి విజయనగరంలో ఇంట్లో కూర్చున్నాను. మొన్న ఒక ఫోను వచ్చింది. కొత్తవలస బ్రాంచిలో కొత్తగా చేరిన ఫీల్డ్ ఆఫీసరట, చిన్నపిల్ల, గొంతులో కంగారు.

"మేడమ్, ఇక్కడ ఒకావిడ వచ్చి కూర్చుందండీ. పైడమ్మ గారి కోడలట, సొంతంగా తాండ్ర పెట్టుకుంటుందట. సెక్యూరిటీ ఏమిటంటే ఎండ అంటోంది! నమ్మకపోతే మిమ్మల్ని అడగమంటోంది."

నాకు నవ్వాగలేదు. "పెరడు చూసొచ్చావా?"

"చూశానండీ. చాపలున్నాయి, పనిచేసే మనుషులున్నారు."

"బయట మామిడి చెట్టేమైనా కనిపిస్తోందా?"

కుర్చీ జరిగిన చప్పుడు. "ఆఁ, ఉందండీ. నిండా పూసింది."

"మరింకా నాతో మాటలేటే? బేగి సంతకం పెట్టు, పూత రాలిపోతాది!"